నంబరు ఒకటి: కిటికీ

మా షాపుకి కంప్యూటరూ నేనూ ఒకే నెలలో వచ్చాం. దానికి కుర్చీ వేశారు, నాకు స్టూలు వేశారు. దాని మీద దుమ్ము పడకుండా గుడ్డ కప్పేవారు. ఆ గుడ్డకి అంచు కుట్టింది నేను. ఇరవై రెండేళ్ళ కిందటి సంగతి, ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు మండుతుంది.

మాది టైలరింగ్ షాపు. కోట్లు, పాంట్లు, హోటళ్ళలో పనిచేసేవాళ్ళకి యూనిఫారాలు కుడతాం. కొలతలు తీయడం, బట్ట కత్తిరించడం మా ఆయన పని. బేరాలు, బయట తిరుగుళ్ళు మా మరిది చూసుకుంటాడు. వెనక గదిలో నలుగురు మిషన్ల మీద కుడతారు. గుండీలు, కాజాలు, చేతికుట్టు నావి. రోడ్డు వైపు పెద్ద కిటికీ ఉంది. వెలుతురు కోసం దాని ముందు స్టూలేసుకుని, రోడ్డుకి వీపు పెట్టి కూర్చుంటాను. మా ఆయన బల్ల ఎదురుగోడ దగ్గర. మధ్యలో కస్టమర్లు చేతులు చాచి నిలబడే చోటు.

వీధిలో అందరూ ఆయన్ని కొలతలాయన అంటారు. మెడలో టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు తక్కువ. మనిషిని తలుపు దగ్గర చూసి ఛాతీ ఎంతో చెప్పేస్తారు, తర్వాత మర్యాద కోసం టేపు వేస్తారు. అంతటి మనిషికి నోట్లో నాలుక లేదు. ఇంట్లో అయితే బెల్లం కొట్టిన రాయే. రోజు మొత్తం మీద నా వంతుకి వచ్చే మాటలు నేను లెక్కపెట్టాను. "ఉప్పు తగ్గింది." "తలుపు వేశావా?" వర్షం వస్తే "వర్షం." అంతే.

అలాంటి మనిషి కంప్యూటరుకి మాత్రం మాటలు చెప్పేవారు!

ఆ కంప్యూటరులో ప్రోగ్రాం రాసిచ్చింది మా కస్టమరు ఒక లెక్చరరు. నల్ల తెర మీద ఆకుపచ్చ అక్షరాలు. ఒక్కో కస్టమరుకి ఒక నంబరు. భుజం, ఛాతీ, నడుము, చెయ్యి అన్నీ రాశాక అడుగున ఒక గీత ఉండేది. దాని పేరు 'మాట'. అందులో నలభై అక్షరాలు పడతాయి. నలభై ఒకటో అక్షరం కొడితే కీచుమని అరిచేది. టేపుకి అందనివి రాసుకోవడానికి ఆ గీత కావాలని మా ఆయనే అడిగి పెట్టించుకున్నారు. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవారు, ఒంటి వేలితో, చిన్నపిల్లవాడు బలపం పట్టుకున్నంత శ్రద్ధగా.

బ్యాంకు మేనేజరు గారి పేరు కింద: "పొట్ట ఉంది. లేదంటాడు. అంగుళం వదులు." పాటలు నేర్పే ఒకాయన కింద: "ఎడమ భుజం దిగువ. మెత్త పెట్టు. చెప్పకు." ఒక రిటైరైన హెడ్మాస్టరు కింద: "భార్య పోయింది. చిక్కాడు. పాత కొలతే చదువు." ఆ హెడ్మాస్టరు వచ్చినప్పుడు ఈయన టేపు వేసి పాత అంకెలే పైకి చదివారు, కత్తిరించింది మాత్రం కొత్త కొలతకి. కోటు తొడుక్కుని అద్దంలో చూసుకుని, "నేనేం మారలేదు సుమా" అంటూ వెళ్ళాడు ఆ పెద్దాయన. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ వెనకే కడుపు మండింది. మూడు వేల మంది కస్టమర్లు, తలా ఒక మాట. ఇంట్లో ఉన్నదానికి ఉప్పు తగ్గింది, వర్షం! దీపం కింద చీకటి అని ఊరికే అన్నారా?

పాతికేళ్ళ కాపురంలో నాకని ఒక్క బట్ట కుట్టలేదు ఆయన. ఉన్నదల్లా ఒక కోటు. పదకొండేళ్ళ కిందట ఎవరో ఆర్డరిచ్చి తీసుకెళ్ళలేదట. "వేసుకో, ఊరికే పడుంది" అని స్టూలు మీద పెట్టి వెళ్ళిపోయారు. అచ్చం కొలిచి కుట్టినట్టు సరిపోయింది, లోపల మందపాటి అస్తరు. ఎవరో వదిలేసిందే కదా నా మొహాన పడింది అని వారం రోజులు ముట్టుకోలేదు. చలికి ఆగలేక తర్వాత వేసుకున్నాను. ఇప్పటికీ అదే.

ఇక అసలు కథ. ఐదు నెలల కిందట మా మరిది ఆ పాత కంప్యూటరు తీసేయాలన్నాడు.

"పనిచేస్తోంది కదరా" అన్నారు మా ఆయన.

"ఇవాళ పనిచేస్తోంది అన్నయ్యా. రేపు ఆగిపోయిందనుకో, దాన్ని బాగుచేసేవాడు ఇప్పుడు భూమ్మీద లేడు. మూడు వేల మంది కొలతలు గోవిందా."

"ఆగిపోయినప్పుడు చూద్దాం."

"ఆగిపోయాక ఏం చూస్తాం?"

కొత్త ఒక వింత, పాత ఒక రోత అని మా ఆయన గొణుక్కున్నారు గానీ, తమ్ముడి మాట ఎప్పుడు కాదన్నారని! కొత్త కంప్యూటరు వచ్చింది. దాంతోపాటు మా తోడికోడలు వచ్చింది. అంటే మా మరిది భార్యే, ఎక్కడి నుంచో రాలేదు. అంతకుముందు ఏదో ఆఫీసులో చేసేది, ఆ ఆఫీసు మూసేశారు. చేతివేళ్ళు చూడాలి, తెర వంక చూస్తూ, నాతో మాట్లాడుతూ, పక్కన గ్లాసు అందుకుంటూ కూడా టకటకా కొట్టేస్తుంది. మాటకి ముందో అక్కా, వెనకో అక్కా. పాత దాంట్లోని మూడు వేల మందినీ రెండు రోజుల్లో కొత్త దాంట్లోకి దించేసింది.

పాత కంప్యూటరుని పాత సామాన్ల బండి మీదకి ఎక్కిస్తుంటే మా ఆయన కత్తెర పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. బండి వీధి మలుపు తిరిగేదాకా చూశారు. నేను మటుకు ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను. దాచుకోవడం ఎందుకు, సవతి పీడ విరగడైనట్టే అనిపించింది.

కానీ ఆయన పాట్లు చూస్తే నవ్వూ వచ్చేది, జాలీ వేసేది. పాత దాంట్లో ఎఫ్ ఫైవ్ నొక్కితే రాసింది భద్రంగా లోపలికి పోయేది. ఇరవై రెండేళ్ళు ప్రతి కస్టమరు చివర ఎఫ్ ఫైవ్ నొక్కిన వేలు అది. కొత్త దాంట్లో ఎఫ్ ఫైవ్ నొక్కితే రాసిందంతా తుడిచిపెట్టుకుపోయి ఖాళీ పేజీ వస్తుంది. మొదటిరోజే ఒక హోటలు మేనేజరుని మూడుసార్లు కొలిచారు. మూడోసారి కూడా అన్నీ రాసి, హమ్మయ్య అని ఊపిరి వదిలి, తృప్తిగా ఎఫ్ ఫైవ్ నొక్కారు.

"మాస్టారూ, నేనేమైనా పెరుగుతున్నానా?" అన్నాడు ఆ మేనేజరు.

ఇంకోరోజు ఒకాయన చేతులు చాచి నిలబడి ఉండగా తెర నీలంగా మారి, అప్‌డేట్ అవుతోంది, దయచేసి ఆపవద్దు అంది. ముప్పై శాతం అయింది. నలభై అయింది. మళ్ళీ ముప్పైకి వచ్చింది. పాపం ఆ కస్టమరు మర్యాదస్తుడు, చేతులు దించొచ్చో లేదో తెలియక అలాగే నిలబడ్డాడు. తీరా తెర వెలిగాక చూస్తే నిన్న కుడివైపున్న బటన్లు ఎడమవైపు ఉన్నాయి.

"రాత్రికి రాత్రి ఎవడో వచ్చి నా కత్తెర పిడి తిప్పేసి పోయినట్టుంది" అన్నారు మా ఆయన. ఆ వారం ఆయన మాట్లాడిన అతి పెద్ద వాక్యం అది.

తర్వాత ఇక దాన్ని ముట్టుకోలేదు. కొలతలు పైకి చెప్పడం, తోడికోడలు కొట్టడం. ఆయనకి లోలోపల ఎంత కుళ్ళుగా ఉందో నాకు కనిపించేది. జనం ఇప్పుడు ఆమెని అడుగుతున్నారు మరి. "అమ్మా, నా పాత కొలత ఉందా?" అంటే చిటికెలో తీసి చూపిస్తుంది. ఈయన పంతానికి అంకెలు గబగబా చదవడం మొదలుపెట్టారు, ఆమె అందుకోలేకపోతే చూద్దామని. నలభై రెండు పదహారున్నర ముప్పై నాలుగు పాతిక తొమ్మిది ముప్పావు అని ఒకే ఊపిరిలో. ఆమె ఒక్కటి కూడా వదలలేదు. పైగా, "ఇంకా బావగారూ?" అంది.

"మాట దగ్గర ఏం రాయను బావగారూ?" అని కూడా అడిగేది పాపం, ప్రతిసారీ.

"వదిలెయ్యమ్మా."

ఎదుట నిలబడ్డ మనిషి ముందు, మీకు పొట్ట ఉంది గానీ లేదంటారు అని పైకి ఎలా చెబుతారు? కొత్త కస్టమర్లకి మాట లేకుండా పోయింది. నాకు సంతోషం కలగాలి నిజానికి. కానీ అసూయకి చోటు మార్చుకోవడం బాగా తెలుసు. ఆయన పొద్దస్తమానం తోడికోడలు పక్కన నిలబడి మాట్లాడుతున్నారు. నాతో ఏడాదిలో మాట్లాడేవి ఆమెతో ఒక్క పూటలో మాట్లాడుతున్నారు. అంకెలే అనుకోండి. నాకు అంకెలైనా చెప్పారా ఎప్పుడైనా?

ఒక్క విషయంలో మాత్రం ఆ పిల్లని మెచ్చుకునేదాన్ని. పొద్దున నేను స్టూలు మీద కూర్చునేసరికి సూదులు గుచ్చే దిండులో పది సూదులు దారం ఎక్కించి వరసగా ఉండేవి, ఐదు నల్లవి, ఐదు తెల్లవి. ఆమె షాపుకి రావడం మొదలయ్యాకే నేను గమనించాను గనక ఆమె పనే అనుకున్నాను. పోనీలే, పెద్దదాన్నన్న గౌరవం ఆ మాత్రం ఉంది అనుకున్నాను. అడగలేదు. అడిగితే థాంక్సు చెప్పాల్సి వస్తుంది.

ఇప్పుడు కళ్ళద్దాలావిడ గురించి చెప్పాలి. మాకు ఎదురుగా, రోడ్డుకి అవతల, కళ్ళజోళ్ళ షాపు ఉంది. నేను కాపురానికి రాకముందు నుంచీ ఆవిడ అక్కడే, పెద్ద అద్దాల కిటికీ వెనక కూర్చుని ఉంటుంది. వయసు నా అంతే. పుల్లలా ఉంటుంది, జుట్టు చెదరదు. ఒకరోజు నేను గుండీల పొట్లం మీద నంబరు చదవడానికి చెయ్యి చాచి పట్టుకుంటే, అప్పుడే షాపులోకి వచ్చిన ఆవిడ చూసి, "ఒకసారి రండి, కళ్ళు చూసి పెడతాను" అంది. నా కళ్ళకేం? చెయ్యి చాచి చదవడం నాకు అలవాటు. నీలం కోటుకి నల్ల గుండీలు కుట్టానంటే అది ఆ రోజు మబ్బు పట్టడం వల్ల. ఆవిడ మాటకి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆవిడ షాపుకి మా ఆయన వెళ్ళడం మొదలుపెట్టారు. రెండు నెలల్లో మూడుసార్లు. వెళ్ళడం, ఆవిడతో ఏదో చెప్పడం, ఆవిడ మా షాపు వైపు చూసి తలూపడం. నేను వెనక్కి తిరిగి అంతా చూశాను.

"ఎందుకెళ్ళారు?" అన్నాను.

"ఊరికే."

ఊరికే! ఊరికే వెళ్ళే మనిషా ఆయన? వర్షం వస్తే వర్షం అనడానికే ఆలోచించే మనిషి!

కిందటి నెలలో ఒక మధ్యాహ్నం అన్నదమ్ములిద్దరూ యూనిఫారాల కొలతలకి ఏదో హోటలుకి వెళ్ళారు. తోడికోడలు తెర ముందు కూర్చుని ఉంది.

"అక్కా, కిటికీ అంటే ఎవరు?" అంది ఉన్నట్టుండి.

"కిటికీ ఏంటి?"

"బావగారు కొందరికి పేర్లు కాకుండా గుర్తులు రాసుకున్నారు కదా. గడియారం, పొడుగు, దగ్గు అని. అలాగే ఒకటో నంబరు కిటికీ. ఆడవాళ్ళ కొలతలు. ఫోన్ నంబరు లేదు, చిరునామా లేదు. మిగతావాళ్ళ కొలత మారితే పాతది కొట్టేసి కొత్తది రాశారు. ఈవిడకి మాత్రం ప్రతిసారీ కొత్తగా రాశారు. ఇరవై రెండు సార్లు! ఇది రోజూ నన్ను అడుగుతోంది, ఒకే పేరుతో ఇన్ని ఉన్నాయి, తీసెయ్యనా అని. నేను 'తర్వాత' అని నొక్కుతున్నా. బావగారొచ్చాక అడగాలి."

పిల్లాణ్ణి బడి నుంచి తీసుకురావాలంటూ ఆమె వెళ్ళిపోయింది. షాపులో నేనొక్కదాన్నే. వెనక గదిలో మిషన్ల చప్పుడు.

చదివేవాళ్ళు నాకన్నా తెలివైనవాళ్ళు, ఈపాటికే మూతి మూసుకుని నవ్వుతూ ఉంటారు. నవ్వండి. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపించినట్టు, ఆ క్షణం నాకు కిటికీ అంటే రోడ్డవతల ఉన్న కిటికీ ఒక్కటే.

తోడికోడలు కుర్చీలో కూర్చున్నాను. నాలుగు నెలలుగా పక్కనుంచి చూస్తున్నాను, ఎక్కడ నొక్కితే ఏం వస్తుందో నాకూ తెలుసు. తెర మీద అక్షరాలు లావుగా ఉంటాయి, నా కళ్ళకి శుభ్రంగా కనిపిస్తాయి. కిటికీ మీద నొక్కాను. ఇరవై రెండు వరసలు. ఏటా ఒకే తేదీ, ఎనిమిదో నెల పంతొమ్మిది. ఆవిడ పుట్టినరోజు కాబోలు! కొలిచి మరీ పండగ చేసుకుంటున్నారన్నమాట.

మొదటిది తెరిచాను. నడుము ఇరవై ఎనిమిది. మాట: "బెదురు. భుజాలు బిగపట్టింది. వదులుంచు."

అబ్బో, బెదురట. ఆవిడకి బెదురట!

ఐదో ఏడు: "నవ్వితే వీపు కుట్టు లాగుతుంది. వదులు." నవ్విందట. ఈయన ముందు, వీపు కుట్టు లాగేంతగా నవ్విందట.

పదకొండో ఏడు: "చలి. అడగదు. అస్తరు మందం వెయ్యి." పదిహేడో ఏడు: "ఎడమ భుజం ఎత్తు. పని ఎక్కువైంది." నేను ఇక్కడ ఇరవై రెండేళ్ళుగా సూదితో పొడుచుకుంటుంటే పని ఎక్కువైంది ఆవిడకా! అద్దాలు తుడవడం కూడా ఒక పనేనా?

ఒక్కటే ఊరట. నడుము ఏటేటా పెరుగుతోంది. ఇరవై ఎనిమిది, ముప్పై, ముప్పై రెండున్నర, చివరికొచ్చేసరికి ముప్పై ఆరు. బాగా అయింది, లావవ్వు, ఇంకా లావవ్వు అనుకున్నాను. ఆవిడ పుల్లలా ఉంటుందన్న సంగతి నాకు తట్టకపోలేదు. కట్టుకోవడంలో దాస్తోంది కాబోలు అని సరిపెట్టుకున్నాను. అసూయ పట్టినప్పుడు బుర్ర పనిచేయదని కాదు, బ్రహ్మాండంగా పనిచేస్తుంది, అసూయ కోసమే పనిచేస్తుంది.

మిగతావి చదవలేకపోయాను. చదివితే ఏడుపొస్తుంది. నాకు ఒక్కటంటే ఒక్క మాట లేదు, ఈవిడకి ఇరవై రెండు. ఆయన్ని నిలదీయొచ్చు. నిలదీస్తే ఏమంటారు? ఊరికే అంటారు. అందుకని ఆ మాటలే ఉండకూడదు అనుకున్నాను. సరిగ్గా అప్పుడే తెర అడిగింది: ఒకే పేరుతో ఇరవై రెండు రికార్డులు ఉన్నాయి, తాజాది ఉంచి మిగిలినవి తొలగించాలా?

అవును అన్నాను. ఖచ్చితంగానా, తొలగించినవి తిరిగి రావు అంది. ఏ సంగతీ నన్ను రెండుసార్లు అడిగినవాళ్ళు లేరు అప్పటిదాకా. రెండోసారీ అవునన్నాను.

రెప్పపాటులో ఇరవై ఒకటి పోయాయి. ఒక్కటి మిగిలింది, ఈ ఏటిది, పాత కంప్యూటరు బండెక్కే ముందు రాసిన ఆఖరిది. దాన్ని కూడా తీసేద్దామని తెరిచాను.

"కళ్ళు తగ్గాయి. ఒప్పుకోదు. సూది ఎక్కించు."

మొదటిసారి చదివినప్పుడు, కళ్ళద్దాలావిడకి కళ్ళు తగ్గడమేంటి అనుకున్నాను. రెండోసారి చదివినప్పుడు సూది దగ్గర ఆగిపోయాను.

తల తిప్పి నా స్టూలు వైపు చూశాను. దిండులో పది సూదులు. పొద్దున పది, ఇప్పుడు ఆరు మిగిలాయి. ఆరింటికీ దారాలు వేలాడుతున్నాయి.

లేచి వెళ్ళి మా ఆయన కుర్చీలో కూర్చున్నాను. పెళ్ళయ్యాక ఎప్పుడూ ఆ కుర్చీలో కూర్చోలేదు. అక్కడి నుంచి చూస్తే ఎదురు వెలుతురుకి రోడ్డు కనిపించదు. కళ్ళజోళ్ళ షాపు కనిపించదు. కిటికీ కనిపిస్తుంది, కిటికీలో నా స్టూలు కనిపిస్తుంది. స్టూలు వెనక మేకుకి ఎవరో తీసుకెళ్ళలేదన్న కోటు, మందపాటి అస్తరుది.

అప్పుడు ఏడ్చాను. తోడికోడలు వచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను. జరిగింది చెబితే ఆమె నన్నొక్క మాట అనలేదు. పిల్లాణ్ణి బల్ల మీద కూర్చోబెట్టి, ఆ ప్రోగ్రాం వాళ్ళకి ఫోన్ చేసింది, బతిమాలింది, గట్టిగా అరిచింది కూడా. రెండోసారి అవునన్నాక ఇక రావని చెప్పారట. పాత కంప్యూటరు ఏ ఇనుప కుప్పలో ఉందో దేవుడికెరుక.

"సూదులకి దారం నువ్వు ఎక్కించడం లేదా?" అని అడిగాను ఆమెని.

"నేనా? నాకు సూది పట్టుకోవడమే రాదక్కా. బావగారు పొద్దున్నే ఎక్కిస్తారు కదా. మీకు తెలుసనుకున్నా."

సాయంత్రం షాపు కట్టే వేళకి అన్నదమ్ములు వచ్చారు. తేలు కుట్టిన దొంగలా ఉండలేక నేనే చెప్పేశాను. ఆయన బల్ల మీద పరిచి ఉన్న బట్టని చేత్తో సవరించారు. ముడత లేని బట్టని అలా చాలాసేపు సవరిస్తూనే ఉన్నారు. తిట్టినా బాగుండేది. మా మరిదీ తోడికోడలూ పిల్లాణ్ణి తీసుకుని చల్లగా వెళ్ళిపోయారు.

"ఏ కిటికీ అనుకున్నావ్?" అన్నారు చివరికి.

నేను చెయ్యెత్తి రోడ్డవతలకి చూపించాను. ఆయన అటు చూశారు. ఆవిడ షట్టరు దించుతోంది.

"నీ కళ్ళ గురించి అడుగుదామని వెళ్ళా. మనిషి రాకుండా అద్దాలు ఇవ్వలేం అంది."

"కిటికీ అని ఎందుకు రాశారు? నాకు పేరు లేదా?"

"లెక్చరరు గారు ప్రోగ్రాం పెట్టిన రోజు, పనిచేస్తుందో లేదో చూడ్డానికి ఎవరో ఒకరిని రాయండి అన్నారు. తలెత్తితే నువ్వున్నావ్. ఎనిమిదో నెల పంతొమ్మిది. ఆ రోజే వచ్చి కూర్చున్నావ్ అక్కడ. ఆయన ముందు పెళ్ళాం పేరు రాయడానికి సిగ్గేసింది."

నా పాతికేళ్ళ కాపురంలో అన్ని మాటలు ఒక్కసారి వినలేదు నేను. వినే స్థితిలో లేనప్పుడు చెప్పారు, అదీ నా ఖర్మ.

"చదివావా?" అన్నారు.

"నాలుగు. ఉన్నదాంతో కలిపి ఐదు."

"గుర్తున్నాయా?"

గుర్తుండవా! కళ్ళల్లో నిప్పులు పోసుకుని చదివినవి అవి. చచ్చేదాకా మర్చిపోను. నాలుగూ అక్షరం పొల్లు పోకుండా అప్పచెప్పాను, ఏ ఏడాదివో, నడుము ఎంతో దానితో సహా. నా కుళ్ళుబోతుతనం వల్ల అవైనా మిగిలాయి.

ఆయన వెళ్ళి కొత్త కంప్యూటరు ముందు కూర్చున్నారు. నాలుగు నెలల్లో మొదటిసారి. "మళ్ళీ చెప్పు" అన్నారు. నేను చెబుతుంటే ఒంటి వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టారు. బెదురు. భుజాలు బిగపట్టింది. వదులుంచు. కొట్టడం అవగానే ఇరవై రెండేళ్ళ అలవాటున చూపుడువేలు ఎఫ్ ఫైవ్ మీదికి పోయింది. గభాలున ఆ చెయ్యి పట్టుకున్నాను.

"అది కాదు. ఇది" అని బటను చూపించాను.

నాలుగూ అయ్యాయి. నాలుగుసార్లూ ఆ వేలు అటే పోయింది, నాలుగుసార్లూ పట్టుకున్నాను.

"మిగతా పదిహేడూ చెప్పండి, నేను రాస్తాను" అన్నాను.

ఆయన మెడలో టేపు కొసని వేలికి చుట్టారు, విప్పారు. "గుర్తులేవు. అప్పుడు అలా ఉన్నావు, చూసి రాశా."

"ఒక్కటి కూడానా?"

"లేదు."

అబద్ధం చెప్పి ఒకటి కల్పించినా నేను నమ్మేదాన్ని. ఆయనకి ఆ విద్య కూడా రాదు. పదిహేడేళ్ళు నేనెలా ఉన్నానో తెలిసిన మనిషి ఒక్కడే ఉన్నాడు, ఆయన రాసి పెట్టుకున్నది నేనే తుడిచేశాను. కంప్యూటరు మీద నెట్టేద్దామంటే అది రెండుసార్లు అడిగింది.

ఇప్పుడు మా ఆయన కొత్త దాంట్లో మాటలు రాస్తున్నారు. కొలతలు తోడికోడలు కొడుతుంది, కస్టమరు వెళ్ళాక ఈయన వెళ్ళి మాట రాస్తారు. కొత్త దాంట్లో ఎంత పొడుగైనా రాసుకోవచ్చట, అయినా నలభై అక్షరాల దగ్గర వేలు ఆగిపోతుంది. అప్‌డేట్లు వస్తూనే ఉన్నాయి, బటన్లు చోటు మారుతూనే ఉన్నాయి, ఎక్కడికి మారిందో నేను వెతికిపెడతాను. నాకు అసూయ పోయిందా అంటే, ఎందుకు పోతుంది? కిందటి వారం ఒక నర్సుకి "రోజంతా నిలబడుతుంది, మోకాలు దగ్గర వదులు" అని రాశారు. నేను కూడా నిలబడగలను.

రోడ్డు దాటి వెళ్ళి కళ్ళు చూపించుకున్నాను. ఆవిడ మంచిదే, ఏమీ అనలేదు. అద్దాలు ఇచ్చింది. పెట్టుకుంటే సూది బెజ్జం తలుపంత కనిపిస్తోంది, నా దారం నేనే ఎక్కించుకోవచ్చు. ఎక్కించుకోను. పగలంతా అవి సొరుగులోనే ఉంటాయి. పొద్దున షాపు తీయగానే మాత్రం పెట్టుకుంటాను, మా ఆయన వెలుతురుకేసి సూది ఎత్తి పట్టుకుని, దారం కొస తడిపి, పదింటికీ ఒక్కొక్కటిగా ఎక్కిస్తుంటే చూడ్డానికి.